మా తోడికోడలి ముక్కు

అనుమానం ముందు పుట్టి మా అక్క తర్వాత పుట్టింది. అక్కంటే తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నాకు పెద్ద తోడికోడలు. నేను కొత్తకోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన పూట ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆప్యాయత కాబోలనుకుని మురిసిపోయాను. ఆవిడ నా మణికట్టు ముక్కు దగ్గరికి తీసుకుని, "జ్వరమా? మాత్రలు మింగుతున్నావా?" అంది. మింగుతున్నాను, మూడు రోజుల నుంచి. ఆ సంగతి అత్తారింట్లో ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ నూటొక్కసారి చెప్పి పంపింది. ఇరవై రెండేళ్ళ నుంచి ఆవిడంటే నాకు భయం, ఆవిడ మీద నాకు ఒళ్ళుమంట, ఆవిడ లేకపోతే నాకు పొద్దు గడవదు. మూడూ నిజమే.

మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. వంటగదుల దగ్గర ఆ గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. ఉప్పు, అగ్గిపెట్టె, తిట్లు, అన్నీ అందులోంచే అటూ ఇటూ పోతుంటాయి. రోజూ పొద్దున నా పాలగిన్నె ఆ కిటికీలో పెట్టాలి. ఆవిడ వాసన చూసి "ఊఁ, కాచుకో" అంటేనే నేను పొయ్యి వెలిగించాలి. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడనీ, నిన్న మిగిలినవి ఇవాళ్టి వాటిలో పోస్తున్నాడనీ ఆవిడ అనుమానం. "నీళ్ళకి కూడా వాసన ఉంటుందా అక్కా?" అని ఒకసారి వెటకారమాడాను. "దొంగతనానికి ఉంటుంది" అంది.

ఆ ముక్కే ఆవిడ ఉద్యోగం. రేవులో వేలం షెడ్డు ఉంది. రేకుల కప్పు, సిమెంటు అరుగులు, మధ్యలో నీళ్ళు పోయే కాలవ. పడవలు తెచ్చిన చేపల్ని గంపలకెత్తి అరుగు వెంట వరసగా పెడతారు. వేలం పాడే పెద్దాయన గొంతు సవరించుకునే లోపల మా అక్క ఆ వరస వెంట నడుస్తుంది. గంపలో అడుగునుంచి ఒక చేప లాగి, మొప్ప ఎత్తి, లోపల చూపుడువేలు పెట్టి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. "పో" అంటే ఆ గంప పాటకి పోతుంది. "ఉండు" అంటే పక్కన ఉండిపోతుంది. దాని మీద ఇక అప్పీలు లేదు. ఆ పని ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు, ఏ ఆఫీసులోనూ ఆవిడ పేరు లేదు. రోజుకి పడవకో చేప ఆవిడ బుట్టలో వేస్తారు, అంతే. కానీ దూరం నుంచి వ్యాన్లలో వచ్చే కొనుగోలుదార్లు దిగుతూనే అడిగే మొదటి మాట, "ముక్కావిడ చూసిందా?"

గంపకీ గంపకీ మధ్య ఆవిడ చెయ్యి మడిచి, మోచేతి లోపలి మడతలో ముక్కు పెట్టి ఒక్కసారి గాలి పీల్చేది. అదేంటని అడిగితే, "ముక్కు కడుక్కోవద్దటే? పాత వాసన కొత్తదాని మీద పడకూడదు. మన ఒంటి వాసన మనకి వాసన కాదు, అక్కడికెళ్ళి వస్తే ముక్కు మళ్ళీ ఖాళీ అవుతుంది" అంది. అరుగు చివర నా చెక్కదిమ్మ. కొన్నవాళ్ళకి చేపలు కోసి శుభ్రం చేసిస్తాను. అక్కడి నుంచి రోజూ ఆ నడక చూస్తూనే ఉండేదాన్ని. ఒకసారి సొంత మొగుడి గంపకే "ఉండు" అంది. బావగారూ మా ఆయనా ఒకే పడవ మీద వెళ్తారు కాబట్టి ఆ గంప నాది కూడా. బావగారు నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. "ఇల్లు ప్రశాంతంగా ఉంది" అంది ఆవిడ.

ఆ ఓడ సంగతి కూడా మొదట తెలిసింది ఆవిడకే. తెల్లవారుతుండగా కిటికీ తలుపు తట్టి, "ఏమైనా తగలబెడుతున్నావా?" అంది. నేనింకా పక్క మీదే ఉన్నాను. "పడుకో అక్కా" అన్నాను. "పొగ కాదే ఇది, సముద్రం మీంచి వస్తోంది" అని చెప్పులేసుకుని ఒడ్డుకి వెళ్ళిపోయింది. గంట తర్వాత ఊరందరికీ తెలిసింది. రేవు బయట రాళ్ళ మీదికి ఒక పెద్ద ఓడ ఎక్కి, దాని కడుపు చీలింది.

మూడోనాటికి నూనె ఒడ్డుకి చేరింది. నేను చూసిన సముద్రం ఎప్పుడూ ఏదో ఒక గోల చేస్తూనే ఉండేది. ఆ రోజు అల లేచేది, ముందుకొచ్చేది, చప్పుడు లేకుండా పడుకునేది. అంత చిక్కటి నూనె. పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి అక్కడే ఆగిపోయాయి. తెల్ల పక్షి ఒకటి నల్లగా అయిపోయి, రెక్క ముక్కుతో తుడుచుకుంటూ, తుడుచుకున్నది మింగుతూ, సాయంత్రం దాకా నిలబడే ఉంది. మర్నాడు లేదు. వేటకి వెళ్ళకూడదని నోటీసు అంటించారు. షెడ్డుకి తాళం పడింది.

ఓడ కంపెనీ తరఫున ఒక మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, ఎవరు తిట్టినా చెదరని నవ్వు. మా వాడవాళ్ళు మొదటి రోజే అతనికి చిరునవ్వు అని పేరు పెట్టేశారు. ఒడ్డు శుభ్రం చెయ్యడానికి మనుషులు కావాలన్నాడు. వేరే పని ఎక్కడుంది, అందరం వెళ్ళాం. తెల్ల తొడుగులు, చేతి తొడుగులు, ముక్కుకి మాస్కులు, పారలు, సంచులు ఇచ్చారు. మా అక్క మాస్కు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేసింది.

"ఇది ఎందుకిచ్చారో తెలుసా? మన ముక్కు మూయడానికి. నూనె ఎత్తకుండా మీద మంచి ఇసక పోసేసి, అయిపోయింది పొండి అంటారు. ముక్కు మూసుకున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"తలనొప్పి వస్తుందక్కా, పెట్టుకో."

"తలనొప్పికి మాత్రుంది. మోసానికి మాత్ర లేదు."

నేను మాస్కు పెట్టుకున్నాను. తెలివితో కాదు, పిరికితనంతో. పైగా చెప్పొద్దూ, ఆవిడ అనుమానమే నిజమైంది. మూడుచోట్ల, చూడ్డానికి బంగారంలా మెరుస్తున్న ఇసక మీద కూర్చుని, చేత్తో తవ్వి, నల్లటి ముద్ద బయటికి తీసి చిరునవ్వు బూట్ల ముందు పెట్టింది. వాడంతా ఆవిడని చూసి గర్వపడింది. ఆవిడ మరీను. అప్పటి నుంచి ఇసక మీద పడుకున్నట్టు వంగి, గుప్పెడు గుప్పెడూ మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూసేది. తలనొప్పి వచ్చింది, వాంతులయ్యాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. మాస్కు మాత్రం పెట్టుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ రోజుల్లోనే ఒక తాబేలు దొరికింది. రాళ్ళ సందులో నోరు తెరుచుకుని ఉంది, నోటి నిండా తారు. మా అక్క ఇంటికి పరుగెత్తి వంటనూనె సీసా తెచ్చింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క సీసానే. తుండుగుడ్డ నూనెలో ముంచి ఆ తాబేలు నోరు, కళ్ళు, ముక్కు రంధ్రాలు తుడుస్తూ కూర్చుంది. తుడుస్తూ తిడుతూనే ఉంది. "ఇంత సముద్రం ఉంది కదా, వెళ్ళి వెళ్ళి ఇక్కడికే రావాలా నువ్వు? వందేళ్ళు బతుకుతావంటారే, బుద్ధి ఎప్పుడొస్తుంది నీకు?" దాని ముందు రెక్కకి ఒక పాత గాటు ఉంది. ఇద్దరం మోసుకెళ్ళి నూనె చేరని నీళ్ళ వైపు వదిలాం. ఆ తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్రతి చచ్చిన తాబేలు రెక్కనీ ఆవిడ ఎత్తి చూసేది. గాటున్నది కనపడలేదు. "అయితే బతికే ఉంది" అన్నాను. "వేరే ఒడ్డు లేదని ఎవరన్నారు?" అంది.

నలభై రోజులకి ఒడ్డు తెల్లబడింది. ఇంకో రెండు నెలలకి నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసరు ఒకాయన వచ్చి, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, కాగితాలు తెచ్చి షెడ్డు గోడకి అంటించాడు. అంతా బాగుందట. వ్యాన్లవాళ్ళు ఆ కాగితాలు చదివి, "బాగుంది, కానీ ముక్కావిడ చూస్తేనే ఎక్కించుకుంటాం" అన్నారు. ఆఫీసరుకి మొహం మాడింది. చివరికి ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున మూడు పడవలు వేటకెళ్ళి రావాలి, అందరి ముందూ ముక్కావిడ చేపలు చూడాలి, ఆవిడ "పో" అంటే షెడ్డు తెరవాలి.

ఆ గురువారానికి పది రోజుల ముందు నుంచే నాకు మా అక్క మీద అనుమానం మొదలైంది.

మొదట పాలు. గిన్నె కిటికీలో పెట్టగానే, ముక్కు దగ్గరికైనా తెచ్చుకోకుండా "ఊఁ, కాచుకో" అనేది. ఒకరోజు పాలు పొయ్యి మీద విరిగిపోయాయి. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి. అడిగితే, "గిన్నె కడుక్కోవడం నేర్చుకో" అని నా మీదే ఎగిరింది. తర్వాత అన్నం. ఆవిడ పొయ్యి మీద అన్నం మాడి ఆ కంపు మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆవిడ పొయ్యి పక్కనే కూర్చుని వల దారం చిక్కు తీసుకుంటోంది. ఆ తర్వాత సబ్బు. రంగు కాగితం చుట్టిన సబ్బు ఒకటి నా చేతిలో పెట్టి, "చిరునవ్వు ఇచ్చాడు. ఏం వాసనే ఇది?" అంది. ఎవరి దగ్గరా గుక్కెడు మంచినీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి. ఆదివారం నా కళ్ళతోనే చూశాను. ఐసు ఫ్యాక్టరీ వెనక ఆవిడా చిరునవ్వూ నిలబడి గుసగుసలాడుతున్నారు. నన్ను చూడగానే చెరోవైపు వెళ్ళిపోయారు.

ఇంకేం కావాలి? అమ్ముడుపోయింది అనుకున్నాను. గురువారం ఏం చెప్పాలో ముందే మాట్లాడేసుకున్నారు. అందుకే ఇప్పుడు పాలు, అన్నం ఏవీ పట్టడం లేదు, మనసు ఇక్కడ లేదు కదా. చెప్పాలంటే నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇన్నేళ్ళు అందరి దొంగతనాలూ వాసన చూసిన మనిషి, తనదే ఒకటి నాకు దొరికింది. ఆ సంగతి మా ఆయనకి చెప్పాను. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. "ముక్కుకి తాళం వేయించుకుందట, చెవి కంపెనీ దగ్గరుందట" అంది వలలు అల్లే ఆవిడ. నిప్పు లేనిదే పొగ రాదంది ఇంకొకామె. నిప్పు పెట్టింది నేనేనని నేను చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆవిడని నిలదీద్దామని వెళ్ళాను. పొయ్యి అంటించడానికి కిరోసిన్‌లో ముంచిన గుడ్డముక్క ఒకటి నా చేతిలో ఉంది. మాటల మీద ధ్యాసతో దాన్ని ఆవిడ గట్టు మీద పెట్టేశాను. గది అంతా కిరోసిన్ కంపు. ఆవిడ ఏమీ అనలేదు. కూర దింపుదామని చుట్టూ చూసి, ఆ గుడ్డే తీసుకుని, వెలుగుతున్న పొయ్యి మీద వేడి గిన్నె పట్టుకోబోయింది.

నేను ఎలా దూకానో నాకే తెలియదు. గుడ్డ లాగి బయటికి విసిరేశాను. ఆవిడ నిర్ఘాంతపోయి చూసింది.

"ఏంటే అది?"

"కిరోసిన్ గుడ్డ. నీకు వాసన రావడం లేదా?"

ఆవిడ పొయ్యి ఆర్పింది. పీట వాల్చుకుని కూర్చుంది.

"జలుబనుకున్నానే. ఇసక పని చివర్లోనే తగ్గడం మొదలైంది. ముందు దూరం వాసనలు పోయాయి. తర్వాత కూర, సబ్బు, పేడ, అన్నీ పోయాయి." చెయ్యి మడిచి మోచేతి మడతలో ముక్కు పెట్టుకుంది. "ఇక్కడ కూడా ఏమీ లేదే. నేను నేనేనా అనిపిస్తోంది."

నాకు సిగ్గేసింది. ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నా ఏడుపు అయ్యేదాకా విసుగ్గా ఆగింది.

"చిరునవ్వుకి చెప్పాను," అంది. "మీ నూనె వల్లే పోయింది, మీరే బాగుచేయించండి అన్నాను. పెద్ద డాక్టరు ఉన్నాడట, తీసుకెళ్తాడట. కానీ గురువారం అయ్యాకే. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదట. ఆ రోజు మామూలుగా వరస నడిచి, మామూలుగా 'పో' అంటే చాలట."

"నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

"అక్కా."

"ఊఁ అన్నానే గానీ, నమ్మానని ఎవరన్నారు? చేపలు బాగుంటే వాడికి నా నోరు మూయాల్సిన పనేంటి?"

అందరికీ ఇప్పుడే చెప్పేద్దాం అన్నాను. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. "ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? అమ్ముడుపోయి, మాట తప్పించుకోడానికి ముక్కు లేదంటోంది అంటారు. ఆ అమ్ముడుపోయిందన్న మాట ఎవరింట్లో పుట్టిందో కూడా నాకు తెలుసు." నేను నేల చూశాను. ముక్కు పోయినా చెవులు పోలేదు ఆవిడకి.

తర్వాత ఉపాయం చెప్పింది. గురువారం ఎప్పట్లాగే నా దిమ్మ వరస చివర ఉంటుంది. ఆవిడ ప్రతి గంపలోంచీ ఒక చేప తీసి, చూసినట్టు చూసి, కోసి చూపించమన్నట్టు నా దిమ్మ మీద పెడుతుంది. నేను మొప్ప వాసన చూడాలి. బాగుంటే కత్తి వెనక్కి తిప్పి దిమ్మ మీద ఒకసారి కొట్టాలి. నూనె ఉంటే రెండుసార్లు.

"నాకు నీ ముక్కు లేదక్కా."

"ఎవరికీ లేదు. నువ్వు మాస్కు పెట్టుకున్నావు కాబట్టి నీకున్న కాస్తయినా మిగిలింది. కూర్చో."

మూడు రోజులు నాకు చదువు చెప్పింది. అయిదు గిన్నెల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో మాత్రం ఓడ నూనె ముంచిన పుల్ల తిప్పి, ఏదో చెప్పమనేది. ఎందులో తిప్పిందో ఆవిడ గిన్నె అడుగున సుద్దతో గుర్తు పెట్టుకునేది, తనకి తెలియదు కదా. మొదటి రోజు అన్నీ తప్పే. "తొందరపడకు. వాసన నీ దగ్గరికి రావాలి, నువ్వు దాని మీద పడకూడదు" అనేది. మోచెయ్యి మడిచి ముక్కు కడుక్కోవడం నేర్పింది. బుధవారం సాయంత్రానికి పదికి తొమ్మిది చెప్పాను. "పర్లేదు" అంది. ఆవిడ నోట్లోంచి అది రావడం నాకు పతకం వచ్చినంత పని.

గురువారం షెడ్డు కిటకిటలాడింది. వ్యాన్లవాళ్ళు, ఆఫీసరు, చిరునవ్వు, వాడ వాడంతా. మూడు పడవల్లో మొదట ఒడ్డుకి తగిలింది మాదే. మూడు నెలలు పైనే అయింది మా ఆయన సముద్రం మీదికి వెళ్ళి. ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చుని చిరగని వలనే మళ్ళీ మళ్ళీ కుట్టాడు. ఆ పొద్దున గడ్డం గీసుకుని వెళ్ళాడు. గంప నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి వస్తుంటే అతని మొహం చూశాను. పెళ్ళినాటి మొహం అది. ఇంట్లో రెండు పూటల తిండి ఒక పూటై ఎన్నాళ్ళయిందో మా ఇద్దరికే తెలుసు.

మా అక్క వరస మొదలుపెట్టింది. చేప లాగింది, మొప్ప ఎత్తింది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది, మోచేతి మడతలోకి మొహం తిప్పింది. అన్నీ పాతవే. చూసేవాళ్ళకి వెంట్రుకంత తేడా లేదు. చేప నా దిమ్మ మీద పెట్టింది.

నేను మొప్ప ఎత్తాను. ఉప్పు. రక్తం. మోచేతి మడతలోకి వెళ్ళొచ్చి మళ్ళీ చూశాను. ఉప్పు, రక్తం, వాటి అడుగున కొత్తగా తారు పోసిన రోడ్డు మీద ఎండ కాస్తే వచ్చే వాసన. చాలా కొంచెం. ఎంత కొంచెమంటే, లేదనుకుంటే లేనట్టే.

తలెత్తాను. మా ఆయన నావైపే చూస్తున్నాడు. ఉపాయం సంగతి అతనికి తెలియదు, నన్ను చూసి ఊరికే నవ్వాడు.

నేను కత్తి ఒకసారి కొట్టాను.

మా అక్క "పో" అనలేదు. నా మొహంలోకి చూసింది. కత్తి వైపు కాదు, చేప వైపు కాదు, నా మొహంలోకి. వేలం పాడే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆవిడ అతన్ని చేత్తో ఆపి, అందరి వైపూ తిరిగింది.

"నాకు ముక్కు లేదు," అంది. "వాసన పోయింది. ఒడ్డు శుభ్రం చేసినప్పుడే పోయింది. ఇందాక నేను చూసింది ఉత్త నటన."

షెడ్డంతా గోల. అమ్ముడుపోయిందని ఒకరు, నాటకమని ఒకరు. చిరునవ్వు ముందుకొచ్చాడు. "పాపం పెద్దావిడ, ఆరోగ్యం బాగాలేదు. కాగితాలున్నాయి కదా, ఇక షెడ్డు తెరిచేద్దాం" అన్నాడు.

"నాకు వాసన లేదని నీకు ఆదివారం నుంచీ తెలుసు కదా బాబూ," అంది అక్క. "గురువారం దాకా దాచమన్నావు. డాక్టరుకి చూపిస్తానన్నావు. ఎందుకో ఇప్పుడు వీళ్ళకి చెప్పు."

అతని నవ్వు మొదటిసారి చెదిరింది. అందరూ అతని వైపు తిరిగారు. ఆవిడ మాత్రం నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. కత్తితో కాదు, నోటితో."

"నూనె ఉంది" అన్నాను. మా ఆయన గంప మీంచి చెయ్యి తీసేశాడు.

ఆఫీసరు నమ్మలేదు. వ్యాన్లవాళ్ళు చేప అందుకుని వాసన చూసి, ఉందని ఒకరు, లేదని ఇద్దరు అన్నారు. అప్పుడు వేలం పెద్దాయనే, "ఉడకేయండి. వేడికి దాగదు" అన్నాడు. టీ కొట్టు పొయ్యి మీద గిన్నె పెట్టి, ఉప్పు కూడా వెయ్యకుండా నీళ్ళలో ఆ చేప వేసి మూత పెట్టారు. నీళ్ళు మరిగాయి. ఆఫీసరు మూత తీశాడు.

ఆవిరి లేవగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ మొహాలు తిప్పుకుని వెనక్కి జరిగారు. ఆఫీసరు జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. గిన్నె దగ్గర మా అక్క ఒక్కతే మిగిలింది. ఆవిరిలోకి మొహం వంచి, ఆ కంపులో నిలబడి, "ఏమైంది? వచ్చిందా? ఎవరైనా చెప్పండే" అని అడుగుతోంది.

ఆ మాటతో ఆవిడ చెప్పింది నిజమేనని షెడ్డంతటికీ తెలిసిపోయింది. కుళాయి దగ్గర నవ్విన వలలావిడ వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుని పక్కకి తీసుకొచ్చింది. నేను వెళ్ళలేకపోయాను.

షెడ్డు ఇంకో రెండు నెలలు మూసే ఉంది. ఆఫీసరు నీళ్ళు పట్టింది దూరంగానట, బరువెక్కి అడుగుకి దిగిన నూనె మా వలలు పడేచోటే ఉండిపోయిందట. మా ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని అనుకుందామని చూశాను గానీ, అలా అనడానికి మా అక్కంత గుండె ఉండాలి. చిరునవ్వుని ఇంకెక్కడికో మార్చారు. అతను చెప్పిన పెద్ద డాక్టరు పేరు కూడా మాకు తెలియదు. మేమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నారు. ఏడాది కావస్తోంది, రాలేదు.

షెడ్డు తెరిచాక వరస వెంట నడిచేది నేను. నా దిమ్మ దగ్గర కత్తి పట్టుకుని కూర్చునేది ఆవిడ. ఒకరోజు ఇద్దరమే ఉన్నప్పుడు, చాన్నాళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను. "అక్కా, ఆ రోజు నేను ఒకసారే కొట్టాను కదా. అబద్ధమని నీకెలా తెలిసింది?"

"కొట్టేముందు చేపని చూడాల్సినదానివి, మీ ఆయన్ని చూశావు" అంది, చేప పొలుసు గీకుతూ. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు పొద్దున పూట పాలగిన్నె అటునుంచి ఇటు వస్తుంది. ఆవిడ కిటికీలో పెట్టి నిలబడుతుంది. నేను వాసన చూసి, "బాగున్నాయక్కా, కాచుకో" అంటాను. ఆవిడ వెంటనే గిన్నె తీసుకోదు. ముందు నా మొహం చూస్తుంది.